గానుగయు దంతచక్రమును

నీటిని తోడిన చరిత్రను చెప్పువారు మన దేశమున పెక్కురు కలరు. ఏతము, గూడ, కపిల, నూనె ఇంజను, విద్యుత్తు మోటారు — ఇవి యొకదాని వెనుక నొకటి వచ్చి రాయలసీమ బావులనుండి జలమును పైకి దెచ్చిన వృత్తాంతము మన పిల్లలకును దెలియును. కాని తేనె, ఆముదము, నెయ్యి, బెల్లపు పాకము, మామిడి గుజ్జు మొదలగు చిక్కని ద్రవములను ఒకచోటనుండి మఱియొకచోటికి జేర్చుటకు మనుష్యుడు పడిన పాట్లను గూర్చి ముచ్చటించువారు అరుదు. నీరు పల్లమెఱుగునని సామెత. చిక్కని ద్రవమును పల్లమెఱుగును, ఎఱిగియు కదలదు. దాని మొండితనమును జయించుటకు మనుష్యుడు కనిపెట్టిన సాధనములలో చిన్నదియు బలమైనదియు నగు దంతచక్రపు పంపును గూర్చియు, చిత్తూరు తిరుపతి సీమల జీవనముతో దానికి గల సంబంధమును గూర్చియు మేమీ వ్యాసమున కొంత వివరింప దలచితిమి. యంత్రములతో గృహస్థుల కేమి పని యని పాఠకులు విసుగు చెందరాదు. పండుగనాటి పరమాన్నములోని బెల్లమును, వేసవిలో బిడ్డలు త్రాగు మామిడి రసమును, వాకిట నిలిచిన మోటారు బండియు ఈ చరిత్రలోనివే.

చిత్తూరు జిల్లాను 1911 వ సంవత్సరము ఏప్రిలు 1 వ తేదీన ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగములను గొన్నిటిని గూర్చి యేర్పఱచిరి. 2022 వ సంవత్సరము ఏప్రిలులో తిరుపతి వేఱు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. పడమటి భాగము మఱియొక జిల్లాకు బోయినది. కాగితముపై గీతలు మాఱినను భూమి గుణము మాఱలేదు. స్వర్ణముఖియు, బాహుదయు, నీవా నదియు వానలు కురిసిన నాలుగు దినములు పాఱి తక్కిన కాలము ఇసుకను జూపునవి. ఇట్టి సీమలో మెట్టనేలను వేరుశనగయు, బావులక్రిందను చెఱువులక్రిందను చెఱకును, కొండల యంచులందును ఎఱ్ఱనేలలందును మామిడియు నిలుకడ పొందినవి. ఈ మూడును తుదకు చిక్కని ద్రవములై యిల్లు విడుచుట విశేషము. వేరుశనగ నూనె యగును, చెఱకు పాకమై బెల్లమగును, మామిడి గుజ్జగును. కావున నీళ్లకు కఱవైన యీ సీమలో చిక్కని ద్రవముల విద్య పూర్వమునుండియు బ్రతుకుదెరువు.

మొదట బెల్లమును జూతము. చిత్తూరు బెల్లపు అంగడి అనకాపల్లి అంగడితోడ నెన్నదగినది. నూఱు మణుగుల చెఱకు ఆడినచో సుమారు పది మణుగుల బెల్లము దిగును; తక్కినది పిప్పియు ఆవిరియు నగును. గానుగనుండి దిగిన రసము నీటివలె పలుచనిది. గిన్నెతో ముంచవచ్చును, కాలువగా బాఱింపవచ్చును, సామాన్యమైన మోటారు పంపుతో తోడవచ్చును. పెనములో గంటలకొలది కాగి, మురికి తెట్టు తీయబడి, వేడిమి 118 డిగ్రీల ప్రాంతమునకు వచ్చునప్పటికి అదే రసము వేఱొక పదార్థమగును. గరిటెను పట్టి లాగును. చల్లారినచో రాయి యగును. రసమునకును బెల్లమునకును నడుమ కొన్ని నిమిషముల కాలము మాత్రము అది ద్రవము. ఆ కొన్ని నిమిషములలోనే దానిని పెనమునుండి దింపి అచ్చులకు జేర్చవలెను.

మేము ఒక మాఘమాసపు రాత్రి చిత్తూరునకు అనతిదూరమున నొక గానుగ చావడియొద్ద నిలిచి యీ పనిని జూచితిమి. గానుగకు విద్యుత్తు మోటారు కలదు. రసము గొట్టమువెంట తనంత తాను పెనములోనికి బోవుచున్నది. పాకము మాత్రము మనుష్యుల చేతులమీదనే దిగినది. నలుగురు కూలీలు పెనము చెవులకు వాసములు దూర్చి, ఒక్క ఊపున ఎత్తి, పొగలు గ్రక్కు నా పాకమును దొనెలోనికి వంచిరి. ఒకని పాదము జాఱిన నేమగునో తలంచుకొనుటకు మాకు భయమైనది. పదును జూచు వృద్ధుడు ప్రక్కన గూర్చుండియుండెను. “తాతా, రసమును మోటారు తోడుచున్నది గదా, పాకమును మనుష్యులే యేల మోయవలెను?” అని మే మడిగితిమి. ఆయన నవ్వి, “రసం చెప్పిన మాట వింటాది సామీ. పాకం వినదు. గొట్టంలో పోస్తే ఆడనే గడ్డ కట్టుకుంటాది” అనెను.

ఆయన ఎడమచేతికి నాలుగు వ్రేళ్లు లేవు. మేము దానివంక జూచుట గమనించి, తానే చెప్పెను: “ఇది గానిగ తినింది. చిన్నప్పుడు చెరుకు పెడతా వుంటే తెల్లారుజామున కన్ను మూత పడింది. చెరుకుకీ చెయ్యికీ దానికి తేడా తెల్దు గదా.” ఈ రెండు మాటలలోను మా వ్యాసమునకు వలసిన విషయ మంతయు గలదు. ఒకటి, పలుచని ద్రవము విను మాటను చిక్కని ద్రవము వినదు. రెండు, త్రిప్పువానికిని త్రిప్పబడు పదార్థమునకును యంత్రము భేద మెఱుగదు.

వృద్ధుని చేతిని దిన్న యా సాధనమున కొక చరిత్ర కలదు. ప్రత్తినుండి గింజలను వేఱుచేయు చిన్న చరఖాలో, మెలి తిరిగిన పండ్లు గల రెండు కొయ్యకడ్డీలు ఒకదానిని మఱియొకటి త్రిప్పుచు ఎదురెదురుగా తిరుగును. ఈ యుపాయము మన దేశమున శతాబ్దములనాటిది. దానినే పెద్దదిగా జేసి, రెండు గుండ్రని దుంగలను పండ్లతో గూర్చి, నడుమ చెఱకును బెట్టి ఆడుట తరువాత వచ్చినదని సాంకేతిక చరిత్రకారులు తలంతురు. ఎద్దులు త్రిప్పు నీ కొయ్యగానుగలకు బదులుగా 1870 దశకమున బీహారులోని బిహియా గ్రామమున థామ్సన్, మిల్న్ అను నిద్దఱు తెల్లదొరలు ఇనుప గానుగను నిర్మించి రైతులకు అద్దెకును వెలకును ఇచ్చిరి. కొయ్యకంటె ఇనుము రసమును హెచ్చుగా పిండెను. పట్టుకొన్న చేతిని విడువకుండుటలోను హెచ్చే యయ్యెను. దేశమంతట ఇట్టి ఇనుప గానుగలు వ్యాపించినవి. పిమ్మట ఎద్దుల స్థానమున ఇంజనులును, ఇంజనుల స్థానమున మోటారులును వచ్చినవి. ఎద్దు కేక వినిన నిలుచును, మోటారు నిలువదు. వేగము పెరిగిన కొలదిని కావలి పెరుగవలసినది, చాలచోట్ల పెరుగలేదు.

నూనె గానుగ కథ వేఱు. అది రోలు, రోకలి, ఎద్దు అను మూటి కూర్పు. దానిని నడపిన గాండ్లవారును తెలికలవారును చిక్కని ద్రవముల స్వభావమును చేతితో దెలిసికొన్నవారు. ఏ గింజకు ఎంత తడి చిలుకరింపవలెనో, ఏ వేడిమిని నూనె విడివడునో, ఏ నూనె ఏ కుండలో నిలువ యుండునో వారికి దెలిసినట్లు మఱి యెవ్వరికిని దెలియదు. ఇట్టి విద్యావంతులకు మన సంఘ మిచ్చిన బహుమాన మేమి? ప్రయాణమునకు బయలుదేరునపుడు నూనెవాడెదురైన అపశకునమని వెనుకకు మఱలుట! వాని నూనెతో దేవునియెదుట దీపము వెలిగింతుము. వాని ముఖము జూచిన కార్యము చెడునందుము. ఈ మూఢత్వమువలన నష్టపడినది వారొక్కరే కాదు. చేతిపనిని నీచమనియు గ్రంథపఠనము ఘనమనియు దలచిన సంఘమున చేతికి దెలిసినది గ్రంథమున కెక్కలేదు. గ్రంథమునకు దెలిసినది చేతికి అందలేదు. ఎదురెదురుగా తిరుగు పండ్ల కడ్డీలు మన యిండ్లలో ప్రత్తి నొలుచుచుండగా, వానినే యొక పెట్టెలో బిగించినచో ద్రవమును తోడవచ్చునను నూహ మఱియొక ఖండమున బుట్టినది. ఇందులకు సిగ్గుపడ బనిలేదు. అంతయు మన పూర్వులకు ముందే తెలియునని బొంకనును వలదు. కారణమును దెలిసికొనిన జాలును.

ఆ యూహ పుట్టుక విచిత్రమైనది. 1588 వ సంవత్సరమున ఇటలీవాడైన రమెల్లి పారిసులో బ్రచురించిన యంత్రముల గ్రంథములో, ఎగిరిపడు ముషలము లేకయే గుండ్రముగా తిరుగుచు నీటిని తోడు సాధనముల చిత్రములు గలవు. పదునేడవ శతాబ్ది ప్రారంభమున గ్రహగతుల సూత్రములను గనుగొన్న కెప్లరు, గనులలోని నీటిని తోడుటకై, తెఱచుచు మూయుచుండు కవాటములతో బనిలేని పంపు నొకదానిని ఊహించెను. రెండు పండ్ల చక్రములు ఒకదానిలో నొకటి యిమిడి ఒక పెట్టెలో తిరుగుచుండుటయే దాని నిర్మాణము. ఆకాశమున గోళములు తిరుగుటను లెక్కించిన బుద్ధియే గనిలోని మురుగునీటిని గూర్చియు నాలోచించెను! ఏ పనియు నీచము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా? 1636 ప్రాంతమున జర్మనీలో పాపెన్‌హైము పేర నిట్టి యంత్రమే ప్రసిద్ధికెక్కినది.

అయినను రెండు వందల యేండ్లకు పైగా ఆ పంపు చెప్పుకొనదగినంతగా వ్యాపింపలేదు. కారణము సులభము. పండ్లకును పెట్టెకును నడుమ సందు వెండ్రుకవాసి యుండవలెను. సందు హెచ్చైన నీరు వెనుకకు జాఱిపోవును. అంత సన్నముగా ఇనుమును చెక్కు మరలు పంతొమ్మిదవ శతాబ్దిలోగాని రాలేదు. అంతకంటె ముఖ్యమైన కారణము మఱియొకటి కలదు. ఆ పంపు పుట్టినది నీటికొఱకు. దానికి దగినది నూనె. భూమినుండి తీసిన నూనెలును, మోటారు బండ్లును, రంగులును, తారును వ్యాపారమున కెక్కిన పిమ్మటనే దానికి తగిన పని దొరకినది. 1904 వ సంవత్సరమున అమెరికాలోని అయోవా రాష్ట్రమున, డెన్మార్కునుండి వలసవచ్చిన జెన్స్ నీల్సన్ అను నతడు సున్నపురాతి గనిలో నూరు నీటిని తోడుటకై, పెద్ద చక్రము కడుపులో చిన్న చక్రము తిరుగునట్టి పంపును నిర్మించెను. దానిని జేయుటకై 1911 వ సంవత్సరమున సీడర్ ఫాల్సు పట్టణమున వైకింగ్ పంపు కంపెనీ వెలసినది. మన చిత్తూరు జిల్లా పుట్టినదియు ఆ సంవత్సరమే. అతడును నీటికొఱకే మొదలిడెను. ఆ పంపునకు కీర్తి దెచ్చినది మాత్రము చిక్కని ద్రవములే.

ఇక దాని పనితీరును వంటయింటి భాషలో జెప్పుదుము. కవ్వముతో మజ్జిగను చిలుకునపుడు తుంపరలు కుండ యంచువఱకు ఎగయుట పాఠకురాండ్రెల్ల నెఱిగినదే. మన బావులయొద్ద నుండు మోటారు పంపు పనియు నిదియే. లోపల నొక ఱెక్కల చక్రము వేగముగా తిరిగి నీటిని అంచునకు విసరును. ఆ విసురే నీటిని గొట్టమున పైకి ద్రోయును. ఇదే కవ్వమును మురుకుల పిండిలో బెట్టి త్రిప్పిన నేమగును? పిండి ఎగయదు, చేయి నొచ్చును. పిండికి మనము వాడునది మురుకుల గొట్టము. అందు విసురు లేదు, త్రోపు కలదు. పైనుండి ఎంత నొక్కిన క్రిందినుండి అంతయే దిగును. పంపుల జాతులును ఇట్లే రెండు: విసరునవియు, కొలిచి త్రోయునవియు. దంతచక్రపు పంపు రెండవ జాతిలోనిది. ఎడతెగక దిగు మురుకుల గొట్టమని దానిని తలంపవచ్చును.

ఒక లోహపు పెట్టెలో సమానమైన రెండు పండ్ల చక్రములు ఒకదానిలో నొకటి యిమిడియుండును. ఒకదానిని మోటారు త్రిప్పును. అది రెండవదానిని ఎదురుదిక్కునకు త్రిప్పును. ద్రవము లోనికి వచ్చువైపున పండ్లు ఒకదానినొకటి విడుచును. విడిచినచోట ఖాళీ యేర్పడును. ద్రవము ఆ ఖాళీని నింపును. పిమ్మట ప్రతి రెండు పండ్ల నడుమనున్న గుంటయు నొక చిన్న దొప్పవలె ఆ ద్రవమును మోసికొని, పెట్టె గోడవెంట చుట్టు తిరిగి, ఆవలివైపు జేరును. అక్కడ పండ్లు మరల నొకదానిలో నొకటి దూరును. దొప్పలో చోటు లేక ద్రవము బయటికి ద్రోయబడును. దీనిని జూచిన వారిలో పెక్కుమంది ద్రవము రెండు చక్రముల నడుమనుండి పిండబడి పోవుచున్నదని భ్రమపడుదురు. చెఱకు గానుగను జూచిన కన్నులకు అట్లు తోచుట సహజమే. సత్యము తద్విరుద్ధము. గానుగలో పదార్థము నడుమనుండి పోవును; పంపులో అంచులవెంట పోవును. పంపులో నడిమి పండ్లు దారి గావు. ద్రవమును వెనుకకు రానీయని తలుపు. కూర్పు రెంటను నించుమించుగా నొక్కటే. ఒకటి నలుపును, రెండవది మోయును.

ఇచ్చట నొక చమత్కారము కలదు. నీటి చిక్కదనమును 1 గా లెక్కించినచో, సాధారణపు టెండలో వేరుశనగ నూనెది ఏబది మొదలు ఎనుబది వఱకును, ఆముదముది సుమారు వేయియు నుండును. తేనెదియు, చక్కెర కర్మాగారమున మిగులు మొలాసిసుదియు అనేక వేలు. విసరు పంపునకు ఈ చిక్కదనము శత్రువు. దాని బలమంతయు ఒరపిడిలోనే హరించిపోవును. దంతచక్రపు పంపునకు అదియే మిత్రము. పలుచని నీరు పండ్ల సందులగుండ వెనుకకు జాఱును. చిక్కని నూనె ఆ సందులను తానే మూయును. అంతేకాక చక్రములకు కందెనగా నుండి అరుగుదలను వారించును. పాత్రుడు దొరకినపుడు లోపమే గుణమగుట లోకమున నున్నదే గదా.

గుణములతోపాటు దోషములను జెప్పవలెను. ఈ పంపు ఇసుకకు ఓర్వదు. గింజంత రాయి పడిన పండ్లు చెడును. ద్రవము లేక ఉత్తగా తిరిగిన వేడెక్కి పట్టివేయును. చిక్కదనము హెచ్చిన కొలదిని మెల్లగా త్రిప్పవలెను. లేనిచో ద్రవము దొప్పలను నింపుటకు కాలము చాలదు. చల్లారిన గడ్డకట్టు పదార్థమును మోయుటకు పంపునకును గొట్టములకును ఆవిరి చొక్కాయను తొడిగి వెచ్చగా నుంచవలెను. “గొట్టంలో గడ్డ కట్టుకుంటాది” అని వృద్ధు డనిన మాటకు సమాధాన మిదియే. కాని పదునుకు వచ్చిన పాకము కదలినచోనే పలుకులు గట్టును గావున అది యీ పంపునకును పూర్తిగా లొంగదు. చావడులలో పెనమును వంచుటకు కప్పీలును ఇరుసులును అమర్చుట చౌకయైన మేలు. అన్నిటికంటె గొప్ప దోషము వేఱొకటి. విసరు పంపునకు ముందటి దారి మూసినచో చక్రము ఊరక తిరుగును. దంతచక్రపు పంపునకు దారి మూసినచో అది త్రోయుట మానదు. ఒత్తిడి అంతకంతకు పెరిగి గొట్టమో, పెట్టెయో, మోటారో పగులవలసినదే. అందుచే ప్రతి పంపునకును ఉపశమన కవాట మొకటి యమర్తురు. ఒత్తిడి హద్దు మీఱినచో అది తనంత తాను తెఱచుకొని ద్రవమును వెనుకకు విడుచును. ఈ కవాటమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. తుదిని దానితో మాకు పని గలదు.

ఈ పంపు మన సీమకు వచ్చిన దినము నెవ్వరును గుర్తింపలేదు, ఏలన అది యింజను కడుపులో దాగి వచ్చినది. మోటారు బస్సులోను, లారీలోను, ట్రాక్టరులోను, అడుగున నున్న నూనెను తోడి తిరుగు భాగముల కెల్ల అందించు చిన్న పంపులలో పెక్కు ఈ దంతచక్రపు జాతివే. తిరుమల కొండదారిలో నెక్కు బస్సును గూర్చి యాలోచింపుడు. ప్రయాణికుల గోవిందనామములు పైన వినబడుచుండగా, క్రింద పిడికెడంత చక్రములు ఇంజనునకు నూనె పోయుచుండును. అవి రెండు నిమిషములు నిలిచిన ఇంజను పట్టివేయును. 1932 వ సంవత్సరమున విదేశపు చక్కెరపై సుంకము విధించి దేశీయ పరిశ్రమను రక్షించిన చట్టము వచ్చిన తరువాత దేశమున చక్కెర కర్మాగారములు శీఘ్రముగా పెరిగినవి. మన సీమలోను చిత్తూరునందును, రేణిగుంట చేరువ గాజులమండ్యమునందును సహకార చక్కెర కర్మాగారములు వెలసినవి. చక్కెర పలుకులతో గూడిన ముద్దవంటి పాకమును, మొలాసిసును మోయుటకు విసరు పంపులు చాలవు. కొలిచి త్రోయు జాతి పంపులే వలయును. ఆ రెండు కర్మాగారములును ఈ శతాబ్దిలో మూతపడినవి. తిరుపతి చేరువ పెరుమాళ్లపల్లెలో చెఱకు పరిశోధన స్థానము గలదు. చుట్టుప్రక్కల రైతు మాత్రము చెఱకును తగ్గించి మామిడికి మరలినాడు.

మామిడితో కథ క్రొత్త మలుపు తిరిగినది. చిత్తూరు సీమలో బెంగుళూరా యనియు, తోతాపురి యనియు బిలువబడు ముక్కుగల మామిడి యిండ్లలో తినుటకంటె గుజ్జునకే యెక్కువ పోవును. దేశమున మామిడి గుజ్జు పరిశ్రమకు రెండు ముఖ్యస్థానములు చిత్తూరును, తమిళదేశపు కృష్ణగిరియు. జ్యేష్ఠాషాఢములలో కర్మాగారముల వాకిళ్లయందు ట్రాక్టరులు బారులు తీరును. పండును కడిగి, ఏరి, కోసి, టెంకను తోలును వేఱుచేసి, జల్లెడ పట్టి, గుజ్జును వేడిచేసి, క్రిమిరహితమైన సంచులలో నింపి, రెండు వందల కిలోలకు పైబడిన పీపాలలో జేర్తురు. జల్లెడనుండి పీపావఱకు గుజ్జు మనుష్యుని చేయి తగులక, మూసిన గొట్టములలోనే ప్రయాణము సేయవలెను. చేయి తగిలినచో చెడును.

ఇచ్చట దంతచక్రపు పంపే పనికివచ్చునా? రాదు. గుజ్జు నూనెవంటిది గాదు. నిలిచిన బిగియును, కదలించిన పలుచబడును. అందు నారలు గలవు. పండ్లు పండ్లతో ఒఱసికొనుచోట ఆ నార నలుగును. లోహము కొంచెము అరిగినను అన్నపదార్థమున గలియును. కందెనకు గుజ్జు చాలదు. అందుచే దానికి దంతచక్రపు పంపు దాయాదులను వాడుదురు. ఒకటి, తమ్మెల పంపు. పంతొమ్మిదవ శతాబ్ది నడుమ అమెరికాలోని ఇండియానాయందు రూట్స్ సోదరులు గాలిని త్రోయుటకు వాడిన రూపమునకు ఇది సంతతి. ఇందు రెండు తమ్మెలు ఒకదాని నొకటి తాకకయే తిరుగును. వానిని క్రమము తప్పక త్రిప్పు పండ్ల చక్రములు గుజ్జునకు వెలుపల వేఱు గదిలో నుండును. రెండవది, 1930 ప్రాంతమున ఫ్రాన్సునందు మొయినో యనునతడు కనిపెట్టిన మెలికల పంపు. మెలితిరిగిన యొక కడ్డీ రబ్బరు గొట్టములో తిరుగుచు, ద్రవమును గుంటలు గుంటలుగా ముందునకు నడపును. కెప్లరు గనికై తలపోసిన సూత్రము — ఖాళీని పుట్టించి, నింపి, మోసి, మూయుట — నాలుగు శతాబ్దులకు రూపము మార్చుకొని చిత్తూరు మామిడిని మోయుచున్నది.

కర్మాగారమున మేము జూచిన సంగతి యొకటి చెప్పవలెను. పండ్లను ఏరుచోటను, కోయుచోటను అందఱును స్త్రీలే. తడినేలపై దినమంతయు నిలిచియుందురు. పంపులయొద్దను, బాయిలరుయొద్దను ఒక్క స్త్రీయు గానరాలేదు. కారణ మడుగగా, “ఆడవాళ్లకు మిషను తెలియదు” అని యొక యుద్యోగి చెప్పెను. తెలియక పోవుటకు తెలుపకపోవుట కారణము గాదా? 1983 వ సంవత్సరము నుండియు తిరుపతియందే స్త్రీలకై శ్రీ పద్మావతీ విశ్వవిద్యాలయము గలదు. మురుకుల గొట్టమును తరతరములుగా నడపిన చేతికి త్రోయు పంపు సూత్రము తెలియదనుట హాస్యాస్పదము. కత్తి పట్టిన చేతికి కవాటమును గూడ నేర్పినచో కూలి పెరుగును, గౌరవమును పెరుగును.

భద్రత మాటయు నిట్టిదే. 1948 నాటి కర్మాగారముల చట్టము తిరుగు యంత్రభాగములకు కంచె వేయవలెనని శాసించినది. కాని విద్యుత్తుతో నడచుచోట పదిమందికి తక్కువగా పనిచేయు చావడి, ఆ చట్టము పుట్టిననాటి నిర్వచనమున కర్మాగారమే కాదు. అందుచే పెద్ద కర్మాగారమున పంపు పెట్టెలో బిగింపబడి నిరపాయముగా తిరుగుచుండగా, చిన్న చావడిలో గానుగ నోరు తెఱచుకొనియే యున్నది. చెఱకును జొనుపుటకు చేతికంటె పొడవైన ఇనుప దొనెను గానుగ ముందు బిగించినచో చేయి రోలర్ల దాక పోజాలదు. దానికయ్యెడి వెల స్వల్పము. అది లేకుండుటకు కారణము బీదతనము గాదు, అలక్ష్యము.

ఇక తుదిమాట. 2025 వ సంవత్సరము వేసవిలో తోతాపురి మామిడి విస్తారముగా కాచినది. అంతకు ముందటి యేటి గుజ్జు అమ్ముడుపోక నిలిచియుండుటయు ఒక కారణమై కర్మాగారములు కొనుగోలునకు వెనుదీసినవి. ధర పడిపోయినది. జూనులో చిత్తూరు అధికారులు పొరుగు రాష్ట్రముల తోతాపురి జిల్లాలోనికి రాకుండ నిషేధింపగా కర్ణాటకము అభ్యంతరము దెలిపినది. ప్రభుత్వము కిలోకు 12 రూపాయల ధర నిర్ణయించి, అందు 8 రూపాయలు కర్మాగారము, 4 రూపాయలు తాను ఇచ్చునట్లు ఏర్పఱచినది. అప్పటికే కొందఱు రైతులు బారులు తీరిన ట్రాక్టరులలో పండు క్రుళ్లుటను జూచిరి.

ఈ యుపద్రవమును దంతచక్రపు పంపు భాషలో జెప్పిన సుబోధమగును. తోట త్రోయుట మానదు. మామిడి కాయుట యెవ్వరి యాజ్ఞకును నిలువదు. ముందటి దారి, అనగా గుజ్జు అమ్మకము, మూసికొనిపోయినది. ఒత్తిడి పెరిగినది. పగిలిన దెచ్చట? అన్నిటికంటె బలహీనమైన గొట్టము, అనగా రైతు, యొద్ద. యంత్రమునకు ఉపశమన కవాటము లేనిదే నడపరాదని మనకు దెలియును. అంగడికి మాత్రము పగిలిన పిమ్మట చేతితో గుడ్డ చుట్టుచున్నాము. ఆ నాలుగు రూపాయలు అట్టి గుడ్డయే. వలదనము, కాని అది కవాటము గాదు. కాపునకు ముందే కుదిరిన ధర యొడంబడిక, రైతుల సహకార సంఘముల చేతిలో కొంత గుజ్జు తీయు శక్తి, ఒక్క తోతాపురినే నమ్మక వేఱు రకములను నాటుట — ఇవి నిజమైన కవాటములు. వీనిని ముందుగా నమర్చవలెను, పగిలిననాడు కాదు.

మేము సెలవు దీసికొనునపుడు బెల్లపు గానుగ వృద్ధుడు వ్రేళ్లు లేని చేతితోనే మాకు వేడి బెల్లపు ముద్ద నొకటి ఆకులో బెట్టి యిచ్చెను. ప్రక్కన ఆయన మనుమడు, పన్నెండేండ్ల బాలుడు, నిలిచియుండెను. “వీణ్ని గానిగ కాడికి రానీను. మోటార్లు నేర్చుకునే బడికి పంపిస్తా” అని ఆయన యనెను. ఆ బాలుడు నేర్చుకొని మరల ఆ చావడికే వచ్చి, గానుగ నోటికి దొనె బిగించి, పెనమునకు ఇరుసు అమర్చిన దినమున గదా గానుగకును గ్రంథమునకును నడుమ ఇంతకాలము నిలిచిన గోడ కొంచెమైనను విఱుగును.